ముప్ఫై ఎనిమిది

తణుకు ఏరియా ఆసుపత్రిలో, శిబిరం రోజున
డాక్టరు గారు నా ఎడమ చెయ్యి తిప్పి తిప్పి చూశారు,
బజారులో బెండకాయ కొన విరవబోయినట్టు.
పుట్టుకతో ముడుచుకున్న రెండు వేళ్ళనీ
ప్లాస్టిక్ కొలబద్దతో కొలిచి
కంప్యూటరు కుర్రాడికి కేకేశారు:
ముప్ఫై ఎనిమిది.

నలభై అయితే ఏదో ఉండేదంట.
పింఛను, సర్కారు కొలువులో నూటికి నాలుగు.
రెండు శాతం అంటే ఎంతండీ, అనడిగాను.
ఇంకో వేలు కాస్త వంగి ఉంటే, అన్నారాయన,
వేళాకోళానికి కాదు, నిజంగానే లెక్క చెబుతూ.

ఉండి రోడ్డులో రొయ్యల ఫ్యాక్టరీ.
గేటు దగ్గర పేర్లు రాసుకునే సూపర్‌వైజరు
ముఖం చూడలేదు, చేతులు చూశాడు.
లైను స్పీడు అందుకోలేవమ్మా, సేఫ్టీ కూడానూ.
మా పిన్ని షెడ్డులో ఆరేళ్ళు
తల తుంచి, పొట్టు ఒలిచి, నరం లాగిన చేతులండీ ఇవి.
ఈ వంకర వేళ్ళ సందులోనే
తోక జారకుండా నిలబడుద్ది.
ఒక్క రొయ్య ఇచ్చి చూడండి.
ఇవ్వలేదు.

నరసాపురంలో లాయరు మేడిశెట్టి బులివెంకట్రావు గారు
ఫీజు వద్దన్నారు, టీ తెప్పించారు,
చట్టం పుస్తకం నా వైపు తిప్పి పెట్టారు.
వివక్ష తప్పేనమ్మా, ఇదిగో, రాసే ఉంది.
న్యాయమైన పని కోసం తగుమాత్రంగా చేస్తే తప్పు కాదని
దాని కిందే ఉంది.
ప్రైవేటు వాళ్ళకి కోటా లేదు.
సమాన అవకాశాల విధానం అని ఒకటి రాసి
అందరికీ కనబడేలా పెట్టాలి, అంతే.
పెట్టారండి, అన్నాను.
నీలం అట్ట మీద, ట్రేలు కడిగే పైపు పక్కన.
తడిసి సగం ఊడింది.

మరి నేను ఎటు పక్క ఉన్నట్టండీ?
పనికి వంక పెట్టేంత ఉంది కదా నా వంకర,
అడగడానికి చాలదా?
ఆయన కళ్ళజోడు తీసి
చాలాసేపు తుడుచుకున్నారు.

ఇంటికొచ్చేసరికి చెరువు మీద పట్టుబడి.
కాటా పెట్టి కౌంటు తీస్తున్నారు,
కేజీకి ఎన్ని తూగుతాయో ఒక్కొక్కటీ ఎంచుతూ.
బాబాయి అరిచాడు: ముప్ఫై ఎనిమిదీ!
గట్టు మీద ముఖాలన్నీ విచ్చుకున్నాయి.
నలభై దాటుద్దేమో అని పొద్దుట్నుంచీ బెంగ,
నలభై అయితే రేటు పడిపోద్ది.
నాకూ నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయాను.
ఎందుకే, అంది పిన్ని.
ఏం లేదు, అన్నాను.

రేపు మళ్ళీ గేటు దగ్గరికి వెళ్తాను.
క్యారేజీలో ఐసు ముక్కలేసి
నాలుగు రొయ్యలు నేనే పట్టుకెళ్తాను.
దీనికి ఏ సెక్షనో లాయరు గారిని అడగలేదు.
వాసన కొట్టేలోపు
ఎవరో ఒకరు చూస్తారు.