పంటి కింద రాయి

రెండువేల మూడొందల కిలోమీటర్లకే
మూడో గేరుకీ నాలుగో గేరుకీ మధ్య
అన్నంలో రాయి నలిగినట్టు
ఒక చప్పుడు.

సీట్లకింకా ప్లాస్టిక్ వాసన పోలేదు.
డోరు అంచున నీలం పట్టీ నేనే పీకలేదు,
కొత్తదనం ఇంకో వారం ఉంటుందని.

నేను పంపులు బాగుచేసేవాణ్ణి.
మిల్డూరా చుట్టూ బాదం తోటల్లో, ద్రాక్ష తోటల్లో
ఏ మోటారు మూలిగినా ఫోను నాకే.
స్క్రూడ్రైవర్ మొన బేరింగు మీద ఆనించి
పిడి చెవికి పెట్టుకుంటే చాలు,
లోపల ఏ గుండు అరిగిందో చెప్పేస్తాను.

ఆ చెవిని
సర్వీసు కౌంటరు అబ్బాయి నమ్మలేదు.
వాడి ట్యాబ్లెట్లో ఎర్రదీపం వెలగలేదట.
"లోపం కనబడలేదు" అని కాగితమిచ్చాడు.
మూడు వారాలకి ఇంకో కాగితం,
ఇందులో మర్యాద కాస్త ఎక్కువ:
"ఈ మోడల్ స్వభావమే అంత."
స్వభావమట!
మా మావయ్య గురక గురించి అత్తయ్య చెప్పే మాట
అరవై ఎనిమిది వేల డాలర్ల బండికి చెప్పాడు.

విప్పి చూద్దామంటే వారంటీ పోతుంది.
నా షెడ్డులో, నా పానాల మధ్య,
మడి కట్టుకున్న వంటింటి గడపలో పిల్లాడిలా
ముట్టుకోకుండా దాని చుట్టూ తిరిగాను.
ఒకసారి బానెట్ మీద చెయ్యి వేసి
ఎవరైనా చూశారేమోనని తీసేశాను.

జనవరి. నలభై నాలుగు డిగ్రీలు.
వెనక తొట్టిలో స్టావ్రోస్ తోటకి వెళ్ళాల్సిన పంపు.
ఓయెన్ ఇంకా పన్నెండు కిలోమీటర్లుందనగా
ఇంజను అరిచింది, చక్రాలు వినలేదు.
అరుపు ఆగాక
మల్లీ పొదల్లో కీచురాళ్ళు మిగిలాయి,
వేడి ఇనుము చల్లారుతూ
టిక్, టిక్.

స్టావ్రోస్ వచ్చాడు
ముప్ఫై ఒక్కేళ్ళ తుప్పు వేసుకుని.
ఒక తలుపు తాడుతో కట్టి ఉంది, అద్దం టేపుతో.
పంపు దాంట్లోకి మార్చాం.
కొత్తదాని వైపు అతను చూడనేలేదు,
చావింట్లో శవం ముఖం చూడని పెద్దమనిషిలాగ.
రాత్రి రెండింటికి వాళ్ళ గొట్టాల్లో నీళ్ళు కదిలాయి.
అప్పటికీ నా టో ట్రక్ రాలేదు.

తర్వాత పదకొండు వారాలు
అరువిచ్చిన పసుప్పచ్చ చిన్న కారులో తిరిగాను.
ఆరు మీటర్ల పైపులు కిటికీలోంచి బయటికి,
కొసన ఎర్రగుడ్డ.
రెడ్ క్లిఫ్స్ బడి పిల్లలు నాకో పేరు పెట్టారు.
పెట్టనీ.

సువర్చల మాత్రం ఊరుకోలేదు.
నైట్ డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులైనా విడవకుండా
చట్టంలో ఒక్క మాట కింద గీత గీసింది.
చిన్న లోపమైతే బాగుచేస్తారు.
పెద్ద లోపమైతే
ఏం కావాలో అడగాల్సింది మనం.
"మీది చిన్నదా, పెద్దదా?" అని అడిగింది.
నన్నంత సూటిగా పెళ్ళిలో కూడా అడగలేదు.

చివరికి గేరుబాక్సు తెరిచింది
టామ్సిన్ అనే అప్రెంటిస్ పిల్ల, పందొమ్మిదేళ్ళది.
మాట్లాడకుండా అరచేయి చాపింది.
ఆయిల్లో తడిసిన ఉక్కు రజను,
అందులో కత్తిరించిన గోరంత చుట్ట ఒకటి,
ఫ్యాక్టరీలో ఎవరో ఊదడం మరిచిపోయింది.
"మీరు మొదటిరోజే చెప్పారంట కదా," అంది
కౌంటరుకి వినబడేంత గట్టిగా.
నా స్క్రూడ్రైవర్ ఆ పిల్లకిచ్చి
చెవికి ఎక్కడ ఆనించాలో చూపించాను.

డబ్బు వెనక్కి తీసుకున్నాను. బండి వెళ్ళిపోయింది.
సంతోషంగా ఉండాలి.
ఉన్నాను కూడా, చాలావరకు.

అన్నం తింటూ తింటూ
ఒక్కోసారి నమలడం ఆపేస్తాను.
సువర్చల పెరుగు వడ్డిస్తూ, తలెత్తకుండా,
"ఇక్కడి బియ్యంలో రాళ్ళుండవు,
తినండి," అంటుంది.