మెట్టుంది

ఎనక్కి నడిచేవాడికి కళ్లుండవు.
పైన పట్టుకున్నవాడి నోరే వాడి కళ్లు.
కొత్తగా చేరిన కుర్రాళ్లకి
ముందు ఈ మాటే చెబుతా.
ఎత్తడం తర్వాత నేర్పుతాలే,
అరవడం నేర్చుకోండ్రా ముందు.
మెట్టుంది. మెట్టుంది. మలుపు. గోడ. ఆగు.
ఆఖరు మెట్టు.

ఆఖరు మెట్టని చెప్పకపోతే
లేని మెట్టు కోసం కాలు చాపుతాడు మనిషి.
నేల తగిలి నడుం జడుసుకుంటది.

మాగుంట లేఅవుట్‌లో మూడో అంతస్తు, రోహిణి కార్తె.
సామాన్లకు కాదని లిఫ్టుకి కాగితం అంటించారు.
ఇనప బీరువా. తాళంచెవి యాడ పోయిందో తెలీదన్నాడు ఇంటాయన,
ఖాళీదేలే అన్నాడు.
ఖాళీ బీరువా ఎట్టా ఉంటదో
పదిహేడేళ్లుగా నా భుజానికి ఎరుక.
ఇది ఖాళీది కాదు.
నోరు తెరవలేదు నేను.
ఆరింటికి వేదాయపాళెంలో ఇంకో ఇల్లు ఖాళీ చెయ్యాల.

కింద జిలానీ, ఎనక్కి.
పైన మాలకొండయ్య, నేను.
రెండో మలుపులో
లోపలేదో జారింది, ఈ పక్క నుంచి ఆ పక్కకి.
మెట్టు అనబోయి మాలకొండయ్య దగ్గాడు.
ఒక్క దగ్గు.
బీరువా దిగి జిలానీ పాదం మీద కూర్చుంది
చుట్టపుచూపుగా వచ్చినదాని మాదిరి, తీరిగ్గా.

సూపర్‌వైజర్ ఫోనులో నాలుగు ఫొటోలు తీసినాడు.
నాలుగూ బీరువా మీద పడ్డ గీతవి.
జిలానీ రబ్బరు చెప్పు మెట్ల మీదే ఉండిపోయింది.
దానికేం కాలా, పట్టీ కూడా తెగలా.

దర్గామిట్ట పెద్దాసుపత్రిలో ఎముకల డాక్టరు
బూట్లు లేవా అని అడిగినాడు,
మేమేదో ఇంటికాడ మర్చిపోయి వచ్చినట్టు.

తాళం పగలగొడితే
ఇంటాయన నాయన బియ్యం కొట్టు తూకంరాళ్లు,
అయిదు కిలోలవి, పది కిలోలవి,
ఒక్కో రాయికీ సర్కారు ముద్ర.

తర్వాత కంపెనీ మారింది. మారిందనే అనాల.
గోడకి బొమ్మలొచ్చినయ్:
నడుం వంచినవాడికి ఎర్ర గీత, మోకాళ్లు వంచినవాడికి పచ్చ టిక్కు.
ఇద్దరికీ చెమట లేదు.
బూట్లొచ్చినయ్, అందరికీ తొమ్మిదో నంబరే.
నాది ఏడు.
ముందున్న ఖాళీలో మనవరాలి పాత గౌను పేలిక కుక్కుకున్నా.
ఒక పుస్తకం పెట్టినారు. తేదీ, పేరు, దెబ్బ, కారణం.
ఎనిమిది దాకా చదివినోణ్ణని నా చేతికిచ్చినారు.

కారణం గడి బెత్తెడు కూడా లేదు.
దగ్గని రాస్తే మాలకొండయ్య పని పోద్ది.
తూకంరాళ్లని రాస్తే గిరాకీ పోద్దన్నారు.
రెండ్రోజులు పెన్ను మూత తీస్తా పెడతా ఉన్నా.
మూడోరోజు రాసినా:
బరువు తెలుసు. చెప్పలేదు.
కింద నా సంతకం.

ఎవరూ ఏమీ అనలేదు. ఆ పుస్తకం ఎవరూ చదవరని
అప్పటికి నాకు తెలీదు.

జిలానీ ఇప్పుడు స్టోన్‌హౌస్‌పేట ఆఫీసులో
ఫోను దగ్గర కూర్చుంటాడు, కాలు స్టూలు మీద పెట్టుకుని.
బీరువా ఖాళీ చేశారా? తాళంచెవి ఉందా?
మెట్లు ఎన్ని? లిఫ్టు మాకిస్తారా?
అన్నీ అయిపోయినాక
బీరువా ఖాళీ చేశారా అని మళ్లీ అడుగుతాడు.
అవతల విసుక్కుంటారు. విసుక్కోనీ.

నిన్న రాత్రి మా వెంగమ్మ
నడుం వంచి నీళ్ల క్యాను ఎత్తబోతుంటే
మోకాళ్లు, మోకాళ్లు అని అరిచినా.
రొయ్యల షెడ్డులో పొద్దుటినుంచి
ఐసులో నిలబడి వచ్చిన మనిషి.
ఉంటే గదా వంచేది, అనింది.

రెండో పక్క నేను పట్టుకున్నా.
ముప్పై ఏళ్లుగా దాటతా ఉన్న గడపే,
అయినా, మెట్టుంది అన్నా.

తెలుసు, అనింది.
ఆగింది.