పేరు అడగాలి

ఇరవై మూడు అట్టపెట్టెలు వచ్చాయి, ఒకటి అరటిపళ్ళది.
వెర్నా స్కోగ్లండ్ మేనకోడలు వ్యాన్‌లోంచి దింపుతూ
"సిగరెట్ కంపు, ఏమీ అనుకోకండి" అంది.
నిజమే, కంపే.
ముప్ఫై నాలుగేళ్ళు ఈ ఊరి బార్లలో,
చర్చి భోజనశాలల్లో, సంఘం హాళ్ళలో
చివరి బల్ల దగ్గర కూర్చుని
శనివారం రాత్రి ఏం మోగిందో
మంగళవారం పేపర్లో రాసిన మనిషి.

నా పని చదవడం కాదు.
తుప్పు క్లిప్పులు తీయాలి,
ముట్టుకుంటే తునిగే రబ్బరు బ్యాండ్లు ఏరాలి,
మడతలు విప్పి కాగితాల్ని చల్లగదిలో పడుకోబెట్టాలి.
పెన్ను నిషిద్ధం. పెన్సిల్ ఒక్కటే.
డులూత్ గ్రంథాలయం నేలమాళిగలో,
సరస్సు మీద ఓడ కూత వేసినప్పుడల్లా
షెల్ఫుల ఇనుము సన్నగా బదులిస్తుంది.

కానీ చదువుతాను. ఎవరు చదవరు?

బీరు గ్లాసు కింది అట్టముక్క మీద:
"డ్రమ్మర్ పెళ్ళయ్యాక బాగుపడ్డాడు.
లేదా, ఇప్పుడు భార్య లెక్కపెడుతోంది."
ఒక ట్రంపెట్ ఆయన ఉత్తరం:
మీకు చెవుల్లేవు, మీ అమ్మకీ ఉండి ఉండవు.
దాని వెనకవైపు ఆవిడ సరుకుల చిట్టా,
వెన్న, అగ్గిపెట్టెలు, పిల్లికి చేప.
మంచుతుఫానులో బ్యాండు రాని రాత్రి గురించి
పేజీన్నర. వచ్చిన పదకొండు మందీ
కోట్లు విప్పకుండా ఎలా కూర్చున్నారో,
ఎవరో బల్ల మీద వేళ్ళతో మొదలుపెడితే
ఎవరెవరు అందుకున్నారో.
ఎడిటర్ ఎర్రసిరా: "ఇది సంగీతం కాదు."
కింద ఆవిడ పెన్సిల్: "మీరు రాలేదుగా."

ఏడో పెట్టె. నల్ల అట్ట నోటుబుక్కు.
1967 నవంబరు పద్దెనిమిది, ఫిన్నుల సంఘం హాలు.
"రెండో అకార్డియన్: ఇనుపరాయి డాకులో పని.
ఆలస్యంగా వచ్చాడు. బూట్లకి ఎర్రదుమ్ము.
వాయించే ముందు పది వేళ్ళనీ
ఒక్కొక్కటే నోటి దగ్గర పెట్టి ఊదుకున్నాడు,
చలి అందరికీ ఉంది, ఇంత శ్రద్ధ ఎవరికీ లేదు.
నవ్వితే పైపన్ను ఒకటి ఖాళీ.
పేరు అడగాలి."

ఆ ఖాళీ నాకు తెలుసు.
నేను పుట్టేనాటికి మా నాన్న కుడిచేతికి మూడే వేళ్ళు.
మిగతా రెండూ వ్యాగన్ల మధ్య. అంతే చెప్పేవాడు,
బస్సు తప్పిపోయిందన్నంత మామూలుగా.
ఇంట్లో రేడియో వార్తల కోసం.
పాట మొదలైతే లేచి
పొయ్యిలో కట్టెలు ఉన్నా కట్టెలకి వెళ్ళేవాడు.
మా ఇంటికి సంగీతం పట్టదనుకున్నాను.
బడిలో వాయిద్యాలు పంచిన రోజు
మేము అలాంటి వాళ్ళం కాదని టీచరుకి చెప్పాను.

మిగతా నోటుబుక్కులు తిరగేశాను, 1968 మొత్తం.
ఆవిడ అడగలేదు.
జూన్‌లో అదే హాలు, ఒక్క వాక్యం:
"ఈసారి అకార్డియన్ ఒక్కటే. గదికి ఒక గోడ తీసేసినట్టుంది."

నియమం ఇది. కాగితంలో లేని మాట మేము చేరిస్తే
చదరపు బ్రాకెట్లలో పెట్టాలి.
రూఢి కాకపోతే పక్కన ప్రశ్నార్థకం.
ఆ డాకులో అప్పుడు ఎన్ని వందల మందో,
పళ్ళు ఊడనివాళ్ళని లెక్కపెట్టడం సులువు.
ఆధారం చాలదు. తాతల ఫొటోలు పట్టుకుని వచ్చిన వాళ్ళకి
ఈ మాట నేనే ఎన్నిసార్లు చెప్పానో,
ఎంత మర్యాదగా చెప్పానో.

ఐదింటికి దీపాలు వాటంతటవే ఆరిపోతాయి.
నాలుగూ యాభైకి పెన్సిల్ చెక్కాను.
బ్రాకెట్ తెరిచి, తోయివో రింతాల,
బ్రాకెట్ మూసి,
ప్రశ్నార్థకం కూడా పెట్టాను, ఉద్యోగం కదా.

పెన్సిల్ రాత. నా తర్వాత వచ్చేవాళ్ళు
ఎవరైనా తుడిచేయొచ్చు.
గట్టిగా నొక్కి రాశాను.