ఏసుపాదం తెచ్చిన సీసా

చేపల లారీ తిరిగొచ్చింది
ఆకివీడు బైపాసులో నా పంక్చరు షాపు ముందుకి.
దిగీ దిగగానే తగువు:
"కోహిమా ఘాటెక్కుతుంటే టైర్లు బిగుసుకుపోయాయి,
గేజీ రెండు పాయింట్లు ఎక్కువ చూపించింది,
గాలెక్కువ కొట్టేశావు కదమ్మా?"

కొట్టలేదు.
నా గాలి నేను కొట్టినంతే ఉంది.
బైట నించి అదిమి పట్టుకున్న చెయ్యే
మలుపు మలుపుకీ కాస్త సడలింది.

నేను ఎక్కిన ఎత్తల్లా ఉప్పుటేరు వంతెన.
కాలవకి గండి పడితే
మంచం కోళ్లు మునిగేంత, అదీ మా నేల ఎత్తు.
విమానాలు పోయే చోటు దాకా,
ఆ పైన కూడా
పేర్చిన గాలంతా మా నెత్తినే.
తూకం కడితే ఒక్క అరచేతి మీద
డెబ్బై అయిదు కేజీల ధాన్యం బస్తా.
కింద నించీ అంతే బలంగా ఎత్తి పడుతుంది గనక
చెయ్యి చాచి టీ గ్లాసు అందుకోగలుగుతున్నాను.

ఏసుపాదం చెబుతూనే ఉన్నాడు.
అక్కడ ఎసరు ఇట్టే తెర్లిందట,
మన స్వర్ణ బియ్యం మాత్రం పలుకు పలుకే.
క్లీనరు కుర్రాడికి చెవులు దిబ్బెళ్లు పడి
ఆవులిస్తే గానీ
ఫోన్లో వాళ్లమ్మ మాట వినపడలేదట.

షాపు రేడియోలో అల్పపీడనం అంటున్నారు.
ఆ మాటకి ఎప్పుడూ నవ్వొస్తుంది నాకు.
పీడనం తగ్గిందంటే సంబరపడాలి కదా,
మేమేమో రేకుల మీద ఇసక బస్తాలు పెడతాం.
సముద్రంలో ఎక్కడో కాస్త బరువు తగ్గిందని తెలిస్తే చాలు
చుట్టుపక్కల గాలంతా
అప్పులాళ్లలా అటే పరిగెత్తుతుంది.

సీటు కింద నించి ఒక ప్లాస్టిక్ సీసా తీశాడు.
కొండ మీద నీళ్లు తాగేసి
మూత గట్టిగా బిగించాడట, అంతే.
ఎవరూ తొక్కలేదు,
దాని మీద ఎవరూ కూచోలేదు.
అయినా నడుం లోపలికి నొక్కుకుపోయి
మూడు చోట్ల సొట్ట.
దిగే కొద్దీ, దిగే కొద్దీ,
మనూరి బరువు దాన్ని పట్టుకుంది.

మూత తిప్పాను.
ఉస్‌మంది, బైటికి కాదు, లోపలికి.
సీసా టక్కున నడుం ఎత్తింది.

"పోయిందా పై గాలి?" అన్నాడు,
దాచుకున్నదేదో పారబోసినట్టు మొహం పెట్టి.
"పోలేదు. మనది కలిసింది."

సీసా బల్ల మీద పెట్టి
గేజీ తీసుకుని
ముందు టైరు దగ్గర గొంతుక్కూచున్నాను.