వెలిసిపోయిన చీటీ

మిల్లు దారం ఒక్క పోగు కలిపినా
నా బొటనవేలికి తెలిసిపోతుంది.
ముప్పై ఏళ్ళుగా పొందూరు బట్ట తడిమిన వేలు ఇది.
వాలుగ చేప దవడతో ఏకిన పత్తికీ
మరతో ఏకిన పత్తికీ తేడా
కళ్ళు మూసుకుని చెప్పగలను.

ఆ కార్డు మాత్రం
అన్ని కార్డుల్లాగే నున్నగా ఉంది.

మా మిషను పాతది.
చిప్పు పెట్టే నోరు లేదు, పక్కన గీకే గాడి ఒకటే.
కొత్తది తెస్తానని బ్యాంకు కుర్రాడు తవిటినాయుడు
రెండుసార్లు తిరిగాడు.
"అద్దె మరో రెండొందలు పెరుగుతాదమ్మా" అన్నాడు.
దసరా పోనీ అన్నాను.

దసరా పోయింది.
ఇజీనారంలో సిరిమాను తిరిగిన మూడో రోజు,
పోయిన కరెంటు అప్పుడే వచ్చింది,
అతనూ వచ్చాడు.
చెప్పులు గుమ్మం బయట విడిచాడు, నేను విడవమనలేదు.
వంద కౌంటు చీరలు మూడు, ఎర్రంచు పంచె ఒకటి.
బేరం ఆడలేదు.
అప్పుడే అనుకోవాల్సింది.

గీకాను. కిర్రుమని చీటీ వచ్చింది.
నా పెన్నుతోనే సంతకం పెట్టి
మూత బిగించి మరీ తిరిగిచ్చాడు.

యాభై మూడు రోజులకి బ్యాంకు ఉత్తరం.
సముద్రాల అవతల ఎవరిదో ఆ కార్డు.
అసలుది అతని జేబులోనే ఉందట,
పొందూరు పేరే వినలేదట.
ముప్పై ఐదు వేల ఆరు వందలు
నా ఖాతాలోంచి వెనక్కి తీసుకున్నారు,
తీసుకున్నందుకు కూలి ఐదొందల తొంభై.

"ఏటి నాయుడూ, వచ్చీసిన డబ్బులు మళ్ళీ పోతాయేటి?"
"పోతాయమ్మా, ఛార్జ్‌బ్యాక్ అంతారు.
చిప్పు మిషనయితే నష్టం కార్డిచ్చిన బ్యాంకుది.
మనది గీకుడు కదా."
తనే తప్పు చేసినట్టు తలొంచుకున్నాడు.
దసరా సంగతి ఎత్తలేదు. మంచి పిల్లాడు.

ఏడు రోజుల్లో రుజువులు పంపమన్నారు.
బిల్లు కాపీ ఉంది.
గోడమీది కెమెరా నెల తిరిగేసరికి
చూసినదంతా మర్చిపోతుందట.
చీటీ కోసం రేకు డబ్బా బోర్లించాను.
దొరికింది.
అంకెలు వెలిసిపోయాయి, తేదీ వెలిసిపోయింది,
నా కొట్టు పేరు కూడా.
తెల్లకాగితం మీద
నా పెన్ను సిరా ఒక్కటే మిగిలింది,
ఏ మాటకీ కట్టుబడని సంతకం.

ఆ దూరదేశపాయన అబద్ధమాడలేదు. నేనూ ఆడలేదు.
రెండు నిజాల మధ్య సందులో
నా డబ్బులు జారిపోయాయి.

శనివారం అప్పలసూరి మూట దించాడు.
అతని మగ్గానికి ఈ గొడవ తెలీదు.
నేసినంతకీ లెక్కకట్టి ఇచ్చి
కిరాణా కొట్టులో నా పద్దు పెంచాను.
వడికిన నీలవేణి కూలీ అందులోదే.
చెప్పలేదు. చెబితే తగ్గించుకుని తీసుకుంటామంటారు,
ఆ మాట వినే ఓపిక నాకు లేదు.

కార్డు దొంగదే గాని
ఇచ్చిన బట్ట దొంగది కాదు.
ఏ ఊరి ఎండలోనో ఆ పంచె కట్టుకునే ఉంటాడు.
చల్లగానే ఉంటుంది.
అదే నా ఒళ్ళు మంట.

రాత్రి చిట్టా తెరిచాను.
ఖర్చు అని రాయాలా, బాకీ అని రాయాలా?
బాకీ అయితే ఎవరి పేరున?
చాలాసేపు కూచుని
"దసరా" అని రాశాను.

ఇప్పుడు కొత్త మిషనుంది. దానికి నోరుంది.
నిన్న చీపురుపల్లి టీచరమ్మ వచ్చింది,
పదేళ్ళ బేరం.
ఆవిడ కార్డిస్తే నా చెయ్యి
దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టింది,
బొటనవేలు అంచంతా తడిమింది.
ఆవిడ చూసింది. ఏమీ అనలేదు.
కార్డు నెమ్మదిగా వెనక్కి తీసుకుని
పర్సులోంచి నోట్లు తీసి బల్లమీద పెట్టింది.

నేను లెక్కపెట్టలేదు.