బీట్‌రూట్ రసం

టొలీడోలో మార్చి మంచు ఇంకా మెట్లమీద మురిగ్గా ఉంది.
జెనోవెఫా బిల్లు విప్పింది.
మూణ్ణెల్లకి నలభై వేల గాలన్లు!
ఒంటి మనిషి, వారానికి రెండు వాయిల బట్టలు.

వచ్చిన నీళ్ళకో రేటు,
అవే నీళ్ళు మురుగులోకి పోతే ఇంకో రేటు, రెండోదే ఎక్కువ.
చుట్టాన్ని పిలవడం కన్నా సాగనంపడమే ఖర్చు.

ఫోన్ చేస్తే నలభై నిమిషాలు పియానో వినిపించారు.

పెట్టేసి,
బోర్ష్ట్ కోసం ఉడికించిన బీట్‌రూట్ రసం గరిటెడు
టాయిలెట్ ట్యాంకులో పోసి
కుర్చీ వేసుక్కూచుంది.

పావుగంటకి
తెల్లటి పింగాణీ మీద
గులాబీ దారం ఒకటి జారింది,
చప్పుడు లేకుండా.

"నువ్వా" అంది.

కొత్త రబ్బరు మూత ఆరు డాలర్లు.
పాతదాన్ని కవర్లో పెట్టి నగరానికే పంపింది,
చీటీతో సహా:
"వేసవిలో నా టమాటాలు తాగినవి
మీ కాలవలోకి రాలేదు.
అదీ చూడండి."