రమ్మి అంటే

బరంపురం దేరా వీధిలో
మగ్గం గుంటల్లోకి నీళ్లూరే నెల.
పడుగు చెమ్మెక్కి సాగిపోద్ది, నాడె కదలదు.
అరుగు మీద గోనె పరిస్తే
ఇంక పేకే.

పేకంటే ఏటి మావా అని అడిగాను.
కూర్మయ్య మావ ముక్కలు కలుపుతూనే అన్నాడు:
"నిలువుగా పడుకున్నది పడుగు.
అడ్డంగా వచ్చి కలిపేది పేక.
చేతిలో పన్నెండు అలా పడున్నాయా,
అడ్డంగా ఒకటొచ్చిందంటే
గుడ్డయిపోద్ది."

పోస్టాఫీసు దండాసి ఒప్పుకోలేదు.
ప్యాకెట్టుని మనోళ్లు నమిలి నమిలి పేక చేశారట.
రమ్మి మాత్రం మందు పేరేనట:
"ఓడినోడు రమ్ము పోయించాలి, దొరల రూలు."
ఏ దొర చెప్పాడంటే
బీడీ వెలిగించుకున్నాడు.

పట్టునూలు కొట్టు దిబాకర్ సాహు
ముక్క దించి నవ్వాడు.
"మా ఒడియాలో ఇది తాసొ.
రా అనడానికి ఆసొ.
పెద్ద తేడా లేదు."
మాకు ఆశ అని వినబడింది.
ఎవరూ దిద్దలేదు.

"అదే కదేటి నాను చెప్పేది!" మావ తొడ చరిచాడు.
"రమ్మంటే రావాలి, అదే రమ్మి.
రమ్ము తల్లీ, రమ్ము!"
కావలసింది ఆటీన్ ఏడు.
ఒకటి దండాసి దగ్గర ఇరుక్కుంది, మొహమే చెబుతోంది.
రెండోది పేకలో ఉండాలి.
తీశాడు, కళావరు.
తీశాడు, ఇస్పేటు రాణి.
వేలు తడి చేసుకుని తీశాడు.
పేక అడుగంటింది. తిరగేసి మళ్లీ పెట్టారు.

ఆ వానలన్నాళ్లూ దాన్నే పిలిచాడు.
నన్నెప్పుడైనా అలా పిలిచాడా అని అత్త
లెక్క రాసే పలక నా ఒళ్లో పడేసి పోయేది.
నేను తల ఎత్తకుండా అంకెలు వేసేదాన్ని.

ఎందుకంటే
కండె విరిగిన రోజున
మిగిలిన ఎర్ర పట్టుదారం చుట్టుకోడానికి
గట్టి అట్ట కావాల్సొచ్చి
పైనున్న ముక్క లాక్కున్నది నేనే.
ఏ ముక్కో చూడలేదు.
సగం చుట్టాక చూశాను.

ప్రతి ఆటకీ చెప్పేద్దామనే అనుకున్నాను.
మావ గెలిచిన ఆటలూ ఉన్నాయి కాబట్టి
పాపం సగమే అని సర్దుకున్నాను.

ఇప్పుడా గుంటలు పూడ్చి టైల్స్ వేశారు.
ఆ అరుగు మీద ఎవరిదో స్కూటర్.
నా కుట్టు డబ్బాలో మాత్రం ఉంది
పేక చుట్టుకున్న పేక.
ఎర్ర జాకెట్టు హుక్కు ఊడినప్పుడల్లా
మూరెడు విప్పుతాను.
ఇప్పటికి మూడు ఆటీన్లు బయటపడ్డాయి.
నాలుగోది తొంగి చూస్తుంటే
మళ్లీ చుట్టేస్తాను.